డయ్యార్డు ఫ్యాను

డై హార్డ్ ఫ్యాన్ అనే మాట నేను మొట్టమొదట రాసింది తొమ్మిదో తరగతి ఇంగ్లీషు నోట్సులో, 1986లో. కడపలో మా బడి రేకుల షెడ్డు, ఫిబ్రవరి దాటకముందే ఆ రేకులు కాలిపోతా ఉండేవి. మా ఇంగ్లీషు సారు బోర్డు మీద పది మాటలు రాసి, పక్కన తెలుగులో అర్థాలు రాసి, ఒక్కోదానికి సొంతంగా ఒక వాక్యం రాసుకోని రమ్మన్నారు. గైడు చూసి రాస్తే ఇట్టే కనిపెట్టేస్తారు కాబట్టి ఎవరమూ ఆ పని చేసేవాళ్లం కాదు. పదింట్లో ఎనిమిదోది డై హార్డ్ ఫ్యాన్, పక్కన వీరాభిమాని అని ఉంది. మిగతా తొమ్మిదింటికి ఎంతసేపు తల గోక్కున్నానో తెలీదు గానీ దీనికి మాత్రం ఒక్క నిమిషం పట్టలేదు. మా నాయన ఘంటసాలకి డై హార్డ్ ఫ్యాన్ అని నాకొచ్చిన ఇంగ్లీషులో రాసేసినా.

సారు నోట్సులు దిద్దుతా దాని దగ్గర ఆగినారు. మీ నాయన ఏం చేస్తాడ్రా అని అడిగినారు. టైలరు సార్ అన్నా. పుస్తకం పక్కన పెట్టి, సరే ఆ మాట యాడినుంచి వచ్చిందో చెప్తా వినండి అని ఆ పీరియడ్డు అంతా దానికే పెట్టేసినారు. 1811 మే 16న స్పెయిన్లో అల్బుయేరా అనే ఊరి దగ్గర ఇంగ్లీషోళ్లకీ ఫ్రెంచోళ్లకీ పెద్ద యుద్ధం జరిగిందంట, అందులో 57వ రెజిమెంటు కర్నలు ఇంగ్లిస్ అనే ఆయన దెబ్బ తగిలి పడిపోయినా వెనక్కి మోసకపోనీయకుండా అక్కడే ఉండి తన మనుషులతో డై హార్డ్, డై హార్డ్ అని అరిచినాడంట, అంటే ఊరికే ప్రాణం ఇయ్యొద్దు, నిలబడే చావండి అని. సుమారు 570 మందిలో 400 పైన చచ్చిపోయినోళ్లో గాయపడినోళ్లో అయినారంట ఆ పొద్దు, అప్పట్నుంచి ఆ రెజిమెంటుకి డై హార్డ్స్ అనే పేరు నిలిచిపోయిందంట. ఆ మాట ముందు సిపాయిలది, తర్వాత పట్టు విడవని రాజకీయాలోళ్లది, ఆ తర్వాతే అభిమానులది అయింది అన్నారు. ఇప్పుడు ఈ మాట ఎక్కడ చూసినా ఉంది, కటౌట్ల మీద, బైకుల వెనక, పిల్లల ఫోన్లలో. ఎవరు రాసినా నాకు మాత్రం మా అంగడే కళ్లముందుకొస్తుంది.

వై.వి. స్ట్రీట్ పక్క సందులో మా అంగడి. ముందర అంగడి, వెనక రెండు గదుల ఇల్లు. రెండు మిషన్లు, ఒక బల్ల, బొగ్గుల ఇస్త్రీ పెట్టె, గోడకి చెక్క స్టాండు మీద రేడియో. బయట రెండు కడప బండలు వేసి ఉంటే వాటి మీద కస్టమర్లు కూర్చునేవాళ్లు, ఎండాకాలం సాయంత్రం ఆరైనా ఆ బండలు వేడి వదిలేవి కావు, జనం మాత్రం కూర్చునే వాళ్లు, రేడియో కోసం. మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ మీద కడప కేంద్రం. ఆ ముల్లు అక్కణ్ణించి పక్కకి జరిగింది నేను చూసింది తక్కువ.

ఘంటసాల పాట వస్తే నాయన మిషన్ ఆపేస్తాడు. రేడియో సౌండు పెంచడం కాదు, పెడల్ మీద కాలు తీసేస్తాడు, చేతిలో గుడ్డ అట్లనే సూది కింద ఉంటుంది, ఇంకో చెయ్యి చక్రం మీద ఉంటుంది, పాట అయిపోయేదాకా కదలడు. వరసగా రెండు మూడు పాటలు ఆయనవే వస్తే జాకెట్టు కోసం నిలబడినోళ్లు అట్లనే నిలబడాల్సిందే. కొత్తోళ్లు ఏందప్పా ఇది అనేవాళ్లు, పాతోళ్లే వాళ్లకి నోటి మీద వేలు పెట్టి చూపించేవాళ్లు. సినిమా పేరు తెలీకపోయినా గొంతు విని ఇది యాభై ఒకటి నాటిది, ఇది అరవై దాటినాక పాడింది అని చెప్పేవాడు, నేను పాటల పుస్తకాల్లో వెతికి చూస్తే ఒకటి రెండేళ్లు అటూ ఇటూగా సరిపోయేది. మనిషి గొంతు గూడా గుడ్డ మాదిరేరా, ఉతికే కొద్దీ ఒక మెత్తదనం వస్తుంది, అది చేతికి తెలుస్తుంది, దీనికి చెవికి తెలుస్తుంది అనేవాడు.

ఆయన్ని కళ్లారా ఒక్కసారి కూడా చూడలేదు మా నాయన. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మద్రాసులో పోయినారని రేడియోలో చెప్తే, చేతిలో పని అట్ల వదిలేసి స్టేషన్‌కి పోయి మద్రాసు రైలు ఎక్కేసినాడంట. అప్పటికి నాకు రెండేళ్లు, అమ్మ చెప్పిందే నాకు తెలిసింది. అక్కడికి చేరేసరికే అన్నీ అయిపోయినాయంట. టీ.నగర్లో ఆయన ఉండే వీధి అడుక్కుంటా పోయి, ఇంటికి ఎదురుగా కాసేపు నిలబడి, మళ్లీ రైలెక్కి వచ్చేసినాడు. ఇంటికొచ్చి ఏం చెప్పినాడమ్మా అని అడిగితే, ఏం చెప్పలేదు, అన్నం పెట్టు అన్నాడు, తిన్నాడు, మిషన్ మీద కూర్చున్నాడు అని చెప్పింది అమ్మ.

అన్నం దగ్గర నేను మారాం చేస్తే మాత్రం ఘంటసాల కథ వచ్చేసేది. విజయనగరంలో సంగీతం నేర్చుకునేటప్పుడు ఆయన జోలె కట్టుకోని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకోని తిన్నాడ్రా, ఆ అన్నం ఎండబెట్టుకోని గూడా తిన్నాడ్రా, నువ్వు సంగటి వద్దంటావా అని. అప్పుడు పక్కనుంచి అవ్వ అందుకునేది. మా అవ్వది ఒంటిమిట్ట పక్క పల్లె. జోలె ఒకటేనా, మా వావిలికొలను సుబ్బారావు గారు రామునికి గుడి బాగు చెయ్యాలని టెంకాయచిప్ప పట్టుకోని ఊరూరా అడుక్కున్నాడు, అంత చదువుకున్నాయన, రామాయణం మొత్తం తెలుగులో రాసినాయన, చిప్ప పట్టుకున్నాడు అనేది. చిప్ప పట్టుకోవడంలో సిగ్గు పడాల్సింది ఏమీ లేదని, ఎందుకు పట్టుకున్నామనేదే లెక్క అని ఆమె లెక్క. ఇద్దరి కథల మధ్య నేను సంగటి ముద్ద మింగేసేవాణ్ణి.

ఇంక భాయ్. మా అంగట్లో కాజాలు, హెమ్మింగు అన్నీ భాయ్ చేతిమీదే. నాయనకంటే ఆరేడేళ్లు చిన్న, నాయన్ని అన్నా అనేవాడు. భాయ్‌కి హిందీ పాటల రఫీ. ఘంటసాల నాయనకి ఎంతో రఫీ భాయ్‌కి అంత. ఇద్దరూ రోజూ వాదించుకునేవాళ్లు, అసలు ఆ వాదన వినడానికే కొందరు బండల మీద చేరేవాళ్లు. రామారావుకి 1969లోనే మా రఫీ తెలుగులో పాడినాడు కదన్నా అనేవాడు భాయ్. పాడినాడు, బాగా పాడినాడు, నేనెప్పుడు కాదన్నా, కానీ రామారావుకీ నాగేశ్వరరావుకీ ఇద్దరికీ ఒకే గొంతుతో పాడి, కళ్లు మూసుకోని విన్నా ఎవరికి పాడినాడో తెలిసేటట్టు పాడినాయప్ప ఈయన అనేవాడు నాయన. ఇది ఎన్నో వందల సార్లు విన్నా.

1980లో రఫీ పోయినారు, జూలై 31 రాత్రి. నాకు ఎనిమిదేళ్లు, ఆ పొద్దు మాత్రం నాకే బాగా గుర్తుంది. మరుసటి రోజు శుక్రవారం. రంజాన్ నెల నడుస్తా ఉంది, కడపలో టైలర్లకి రంజాన్ నెలంటే మామూలు గిరాకీ కాదు, రాత్రి రెండు దాకా మిషన్లు ఆడతాయి, ఒక్కొక్క గంట లెక్కే. భాయ్ ఉపవాసంతో వచ్చి కూర్చున్నాడు, సూదిలోకి దారం ఎక్కిస్తా ఉన్నాడు, ఎక్కడం లేదు, మళ్లీ ఎక్కిస్తా ఉన్నాడు. నాయన కాసేపు చూసి లేచి బయటికి పోయి అంగడి తలుపు చెక్కలు ఒక్కొక్కటే పెట్టేసినాడు. అన్నా పండగ పని అన్నాడు భాయ్. పండగ యాడికి పోతాది భాయ్, కూర్చో అన్నాడు. ఇద్దరూ చీకట్లో రేడియో పెట్టుకోని కూర్చున్నారు, ముల్లు ఆ పొద్దు 900 మీద లేదు, హిందీ స్టేషన్ మీద ఉంది. తర్వాత నాలుగు రాత్రులు నిద్ర లేకుండా కుట్టి ఆ పని తీర్చినారు. ఆరు దశాబ్దాల పాటలు విన్న మనిషిగా చెప్తున్నా అని ఎవరైనా అభిమానం గురించి మాట్లాడితే నేను వింటా, కానీ నాకు అభిమానం అంటే ఏందో తెలిసింది ఆ తలుపు చెక్కల సందులోనుంచే.

సరే, నోట్సు సంగతికి వస్తా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాయనా, ఇంగ్లీషులో నిన్ను డై హార్డ్ ఫ్యాన్ అంటారు అని చెప్పినా. డై అంటే ఏందిరా అని అవ్వ అడిగింది, చావడం అవ్వా అన్నా, తూ ఇంట్లో దీపం పెట్టే పొద్దున ఆ మాటేందిరా అని నా మీద లేచింది. నాయన మాత్రం చెప్పురా చెప్పు అన్నాడు. సారు చెప్పిందంతా చెప్పినా, స్పెయిను, కర్నలు, దెబ్బ తగిలినా వెనక్కి పోకపోవడం, అంతా. నాయన దారం పళ్లతో కొరికి తెంపి, అంటే ఆయప్ప మోసకపోతామన్నా పోలేదన్నమాట అన్నాడు. అంతే అన్నా. బాగుందిరా అన్నాడు. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి ఆ మాట ఏంది అని అడిగినాడు. డై హార్డ్ అని చెప్పినా. డయ్యార్డు అన్నాడు.

ఆ వారమే కడప కేంద్రానికి రాసే కార్డు నాతో రాయించినాడు. పదిహేను పైసల కార్డు, ప్రతి వారం ఒకటి, ఆయన చెప్తుంటే నేను రాసేవాణ్ణి, కోరిన పాట, కింద ఇంట్లో అందరి పేర్లు, భాయ్ పేరు కూడా. అప్పటిదాకా చివర ఇట్లు మీ శ్రోత అని రాసేవాళ్లం. ఈసారి ఇట్లు ఘంటసాల డై హార్డ్ ఫ్యాన్, టైలరు, కడప అని రాయమన్నాడు. రేడియోలో ఆమె ఆ మాట ఉన్నదున్నట్టు చదివింది. సందు సందంతా వినింది. మరుసటి రోజు పొద్దున్నుంచీ ఎదురు కాకా హోటలు ఆయన దగ్గర్నుంచి పాలోళ్ల దాకా అందరికీ మా నాయన డయ్యార్డు. డయ్యార్డన్నా నా ప్యాంటు అయిందా, డయ్యార్డన్నా టీ పంపియ్యాలా. ఆ పిలుపు వింటే ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చేది, నేను నేర్చుకోని వచ్చిన మాట కదా, నాకూ వచ్చేది.

అంతకు రెండేళ్ల ముందు మా మామ కువైట్ నుంచి వస్తా టేప్ రికార్డరు తెచ్చినాడు. మా జిల్లాలో అప్పుడు ఇంటికొకరు కువైట్లో ఉంటే, వీధికొక టేప్ రికార్డరు వచ్చేది. దాంట్లోకి నాయన మొదట కొన్న క్యాసెట్టు ఘంటసాల భగవద్గీత. అప్పటికే ఆ రికార్డు పెద్దది ఒకటి ఇంట్లో ఉంది, అమ్మకి పండగ చీరకని పెట్టిన డబ్బుతో కొనింది, దాన్ని వెల్వెట్ కట్‌పీసుతో తుడిచి, చెయ్యి కడుక్కోకుండా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. క్యాసెట్టు వచ్చినాక రోజూ పొద్దున ఆరింటికి అంగడి తీసి, నీళ్లు చల్లి, అగరొత్తి గుచ్చి, గీత పెట్టేవాడు.

అందరికీ తెలిసిందే, తెలుగోళ్ల ఊర్లల్లో ఎవరన్నా పోతే మైకు కట్టి పెట్టేది ఆ గీతే. ఘంటసాల గారు ఒళ్లు బాగలేనప్పుడు పాడినారు, రికార్డు బయటికొచ్చేసరికి ఆయన లేరు, గీతలో ఏడు వందల శ్లోకాలుంటే నూరు పైన ఏరి తాత్పర్యంతో పాడినారు, అందులో మొదట్లోనే పుట్టుక చావుల సంగతి వస్తుంది. వీటన్నింటితో అది చావు ఇళ్ల పాట అయిపోయింది. మా నాయనకి జీవితంలో ఒక కోపం ఉండిందంటే అది ఇదే. చావు జరిగిన ఇంటికి పోయి ఎవర్నీ ఏమీ అనలేదు ఎప్పుడూ, కానీ టీ అంగడి దగ్గర మాట వస్తే మాత్రం వదిలేవాడు కాదు. కృష్ణుడు గీత చెప్పింది శవానికా? బతికున్న అర్జునునికి కదప్పా. విల్లు కింద పారేసి నావల్ల కాదని కూలబడినోన్ని లేపనీకి చెప్పినాడు. అది లేసి పనికి పోయేటోనికి చెప్పిన మాట. పొద్దున్నే వినాల్సిన మాట. దాన్ని పాడె ముందర పెడతారేమప్పా అనేవాడు.

ఒక పొద్దున, 1988 అనుకుంటా, పెళ్లోళ్లు వచ్చినారు. పల్లెటూరోళ్లు, ఏడెనిమిది మంది, బట్టల మూటలతో. ఆ మూటలు చూస్తేనే తెలుస్తుంది, అది మాకు నెల రోజుల సంపాదన. లోపల గీత నడుస్తా ఉంది. వాళ్లల్లో పెద్దాయన గడప ముందరే ఆగి, ఎవరు పోయినారప్పా అని అడిగినాడు. నాయన ఎవరూ పోలేదు సామీ, రండి అన్నాడు. ఆయన లోపలికి రాలేదు. శుభమా అని పెళ్లి బట్టలు కుట్టించుకోనీకి వస్తే ఈ పాటేంది అని వెనక్కి తిరిగినాడు, మిగతావాళ్లూ తిరిగినారు, మూటలు సందు చివర మలుపు తిరిగేదాకా నేనూ భాయ్ చూస్తా ఉన్నాం. నాయన చూడలేదు, కొలతల పుస్తకం తీసి పెట్టుకున్నవాడు మళ్లీ మూసేసినాడు.

ఆ రాత్రి అమ్మ గట్టిగానే అడిగింది. నీ ఘంటసాల వేరే పాటలు పాడలేదా, పొద్దున అవి పెట్టుకోకూడదా, పిల్లల ఫీజులు ఎవరు కడతారు అని. అమ్మ అడిగిందాంట్లో తప్పేముంది, నిజంగానే ఆ నెల చాలా కష్టమయింది, నా పరీక్ష ఫీజు భాయ్ కట్టినాడు. పొద్దున్నే భాయ్ కూడా మెల్లగా అన్నాడు, అన్నా, గిరాకీ వచ్చే టైముకి ఆపేద్దాం, మధ్యాహ్నం పెట్టుకుందాం అని. నాయన, భాయ్, నువ్వు గిరాకీ చూసుకోని నమాజుకి పోతావా అన్నాడు. భాయ్ ఇంక మాట్లాడలేదు. ఆ రోజు గీత పెట్టింది భాయే.

నేను చదువు, ఉద్యోగం అని ఊర్లు తిరిగి, సెలవులకి కడప వచ్చినప్పుడు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీకి పోయేవాణ్ణి. ఒకసారి అక్కడ పెద్ద డిక్షనరీ ఒకటి తిరగేస్తుంటే ఫ్యాన్ అనే మాట కనబడింది. ఫనాటిక్ అనే మాటని పొట్టి చేస్తే ఫ్యాన్ అయిందంట, అది లాటిన్లో ఫానమ్ నుంచి వచ్చిందంట, ఫానమ్ అంటే గుడి. అంటే ఫ్యాన్ అంటే మూలంలో గుడి మనిషి. దేవుని కడప గుడి ఉన్న ఊర్లో కూర్చోని ఆ సంగతి చదివితే ఒళ్లు జలదరించింది నాకు. మన మాటేమన్నా తక్కువా, అభిమానం అంటే ఇష్టమూ అదే, ఆత్మగౌరవమూ అదే, అభిమానం చంపుకోలేకపోయినాడు అంటాం కదా, ఆ అభిమానమే వీరాభిమానిలో కూడా ఉంది. పెళ్లోళ్లు వెనక్కి తిరిగిన పొద్దు నాయన మూసేసిన కొలతల పుస్తకం నాకు అప్పుడు అర్థమయింది, అప్పటిదాకా లోపల ఎక్కడో ఆయన మీద కొంచెం కోపం ఉండేది. అసలు నేను కూర్చున్న ఆ లైబ్రరీయే ఒక వీరాభిమాని కట్టించింది. ఇక్కడ పనిచేస్తా వేమన పద్యాలు, తాళపత్రాలు పోగు చేసిన బ్రౌన్ దొర 1884లో లండన్‌లో పోతే, నూరేళ్ల తర్వాత ఆయన కోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇంటింటికీ తిరిగి చందాలు, పుస్తకాలు అడిగి ఆ ఇల్లు నిలబెట్టినారు. అవ్వ ఉండి ఉంటే టెంకాయచిప్పల లెక్కలో ఇంకొకటి కలిపేది.

ఇంటికొచ్చి నాయనకి ఫ్యాన్ అంటే గుడి అంట నాయనా అని చెప్పినా. అట్లనా, ఇంగ్లీషోళ్లకి గూడా తెలుసా ఆ సంగతి అన్నాడు. చాలా సంతోషపడినాడు. సాయంత్రం బండల మీద కూర్చున్నోళ్లందరికీ చెప్పినాడు.

2009లో నాయన పోయినాడు. రాత్రి నిద్రలోనే, ఎక్కువ బాధ పడలేదు. పొద్దున్నే సందులోవాళ్లంతా వచ్చేసినారు, మైకు సెట్టు అబ్బాయి కూడా ఎవరు చెప్పకుండానే వచ్చి స్తంభానికి మైకు కట్టి, వైరు లాగి, అన్నా పెట్టేదా అని నన్ను అడిగినాడు. నాకు నోట మాట రాలేదు. అంతసేపూ ఏడుస్తా ఉన్న అమ్మ తలెత్తి, వద్దు నాయనా, ఆపు, ఆయనకది చావు పాట కాదు అనింది. చీర డబ్బులు రికార్డుకి పోయినాయని ఇరవై ఏళ్లు దెప్పిన మనిషి. పెద్దోళ్లు కొందరు అదేం పద్ధతి, గీత లేకుండా ఎట్ల అన్నారు. భాయ్ వాళ్లని పక్కకి పిలుచుకోని పోయి ఏం చెప్పినాడో తెలీదు, మళ్లీ ఎవరూ అడగలేదు. మైకు అబ్బాయి వైరు చుట్టుకోని పోయినాడు. ఆ రోజంతా మా సందులో ఏ పాటా లేదు, మనుషుల మాటలే.

దినం అయినాక పన్నెండో రోజు పొద్దున, ఇంకా చీకటిగానే ఉంది, ముందర అంగట్లో చెక్కలు తీస్తున్న చప్పుడు అయింది. నేనూ అమ్మా మేలుకునే ఉన్నాం. నీళ్లు చల్లిన చప్పుడు, అగరొత్తి వాసన, తర్వాత క్యాసెట్టు లోపలికి పోయిన టక్కు శబ్దం. గీత మొదలయింది. నాయన పెట్టే సౌండే, ఒక్క గీత ఎక్కువా లేదు తక్కువా లేదు. నేను లేచి పోయి తలుపు దగ్గర నిలబడినా. భాయ్ నాయన మిషన్ మీద గుడ్డ కప్పి ఉన్నది అట్లనే ఉంచి, తన చోట్లో తను కూర్చోని కాజా మొదలుపెట్టినాడు. పాలబండి తోసుకోని పోతున్న కొత్త మనిషి ఎవరో ఆగి లోపలికి తొంగి చూసి అడిగినాడు, ఎవరు పోయినారు భాయ్ అని.

భాయ్ తలెత్తకుండానే, ఎవరూ పోలేదప్పా, అంగడి తెరిసినాం అన్నాడు.